తవ్వి తీయడమా, కప్పి కట్టడమా: పాత షెడ్డు నేలకు ఏది మేలు?

తిరుపతిలో మా వీధి చివర, రేణిగుంట రోడ్డు వైపు, ఇనుప సామానుకు క్రోమియం పూత వేసే షెడ్డు ఒకటి ఉండేది. మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అక్కడ హద్దురాళ్ళు పాతి ఇళ్ళ స్థలాలు కొలుస్తున్నారు. మొన్న వాన వెలిసిన మర్నాడు లోపలికి వెళ్ళి చూశాను. పూత తొట్లు ఉన్న చోట గచ్చు పగిలి, ఇటుకల సందుల్లో పసుపు పచ్చని పెచ్చు కట్టి ఉంది. పక్క గుంతలో నిలిచిన నీళ్ళకూ అదే రంగు. పాత కాలువ పొడవునా గడ్డి పరక కూడా మొలవలేదు. స్థలాలు చూపిస్తున్న మధ్యవర్తిని అడిగితే, "రెండడుగుల గ్రావెల్ తోలి చదును చేస్తాం సార్, ఇంక భయమెందుకు?" అన్నాడు.

విషం చేరిన నేలను కప్పడం తప్పుడు పద్ధతేమీ కాదు. కాకపోతే గ్రావెల్ తోలడాన్ని కప్పడం అనరు. దిమ్మిస కొట్టిన బంకమట్టి, దానిపై దళసరి ప్లాస్టిక్ పొర, వాననీరు పక్కకు జారిపోయే ఏర్పాటు, ఆపైన మంచి మన్ను, చుట్టూ భూగర్భ జలాన్ని ఎప్పటికప్పుడు పరీక్షించే బావులు: ఇవన్నీ ఉంటేనే అది కప్పు. సీసం లాంటిదైతే చాలావరకు మట్టిని పట్టుకునే ఉంటుంది. ఆడుకునే పిల్లల చేతుల ద్వారా, దుమ్ము ద్వారా ఒంట్లోకి చేరడమే దానితో అసలు ముప్పు. అక్కడ గట్టి కప్పు బాగా పనిచేస్తుంది. ఖర్చు తక్కువ, దుమ్ము లేవదు, లారీలు ఊరి మధ్య తిరగవు.

మా షెడ్డు సంగతి వేరు. పూత పనిలో వాడే ఆరు సంయోజకతల క్రోమియం నీటిలో ఇట్టే కరిగి, నీటితో పాటే నడుస్తుంది. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. చిత్తూరు నుంచి తమిళనాడులోని రాణిపేట ఎంతో దూరం లేదు. అక్కడ 1990ల్లో మూతపడిన క్రోమేట్ కర్మాగారం వదిలిన వ్యర్థం లక్ష టన్నులకు పైమాటే. దశాబ్దాలు గడిచినా వానలు పడితే అక్కడి నుంచి పసుపు నీళ్ళు ఊరుతూనే వచ్చాయి.

పైగా కప్పు వాననీటినే ఆపుతుంది, కింది నుంచి వచ్చే నీటిని ఏం చేస్తుంది? 2021 నవంబరు వరదలు మన ఊరు మరచిపోయేవి కావు. శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో దించిన సిమెంటు వరల సంపు, శుభ్రం చేస్తుండగానే పైకి లేచి నిలబడింది. భూగర్భ జలం పొంగి దాన్ని నెట్టేసింది. సంపునే పైకి లేపిన నీరు మట్టిలోని క్రోమియాన్ని కదపకుండా ఉంటుందా?

అమెరికాలోని లవ్ కెనాల్‌లో ఓ రసాయన సంస్థ దాదాపు 20 వేల టన్నుల వ్యర్థాలు పూడ్చి, పైన బంకమట్టి కప్పి, 1953లో ఆ నేలను ఒక్క డాలరుకు బడి కోసం ఇచ్చేసింది. తర్వాత బడి, రోడ్లు, మురుగు గొట్టాల కోసం తవ్వినప్పుడు కప్పు చిల్లులు పడింది. నీళ్ళు చేరి, విషం ఇళ్ళ నేలమాళిగల్లోకి ఊరింది. 1978లో కుటుంబాలను ఖాళీ చేయించారు. మన ఇళ్ళ స్థలాల్లో మాత్రం తవ్వకుండా ఎవరుంటారు? పునాది, సంపు, సెప్టిక్ ట్యాంకు, ఆపైన బోరు. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ళు వస్తున్నా బోరు లేని ఇల్లు కడతామంటే మన ఊళ్ళో ఒప్పుకునేవాళ్ళు అరుదు.

ఇక తవ్వి తీయడం. విషం శాశ్వతంగా ఆ చోటు వదిలిపోతుంది, అది పెద్ద లాభం. కానీ ఎక్కడికి పోతుంది? రాత్రికి రాత్రి స్వర్ణముఖి ఇసుకలో దించి వస్తే అది శుద్ధి అనిపించుకోదు. ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. విశాఖ దగ్గరి పరవాడ మనకు చాలా దూరం. తమిళనాడు వైపు గుమ్మిడిపూండి దగ్గరే కానీ, రాష్ట్రం దాటాలంటే రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళూ ఒప్పుకోవాలి. భోపాల్‌లో విషవాయువు లీకైన యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వ్యర్థం కదలడానికి 40 ఏళ్ళు పట్టింది. 2025 జనవరిలో దాన్ని కాల్చే కేంద్రం ఉన్న పీథంపూర్ చేరితే అక్కడి జనం రోడ్డెక్కారు. వాళ్ళ భయాన్ని నేను తప్పుపట్టలేను. తవ్వేటప్పుడు మట్టిని తడుపుతూ, లారీలకు టార్పాలిన్ పట్టాలు బిగించి కట్టకపోతే ఆ దుమ్ము పీల్చేది మనమే.

ఉన్నచోటనే శుద్ధి చేయడమూ ఉంది. ఇనుప లవణాలతో ఆ క్రోమియాన్ని తక్కువ హాని చేసే రూపంలోకి మార్చవచ్చు. డీజిలు, నూనెలైతే సూక్ష్మజీవులు తినేస్తాయి. ఓపిక, పదేపదే పరీక్షలు కావాలి.

నన్నడిగితే, తొట్ల కింద, కాలువ వెంట ఉన్న మట్టిని పరీక్షలో శుభ్రమని తేలే లోతు దాకా తవ్వి తీయాల్సిందే. అందులో రాజీ లేదు. మిగతా ఆవరణకు అసలైన కప్పు చాలు, కానీ దాని మీద ఇళ్ళు వద్దు. గోదామో, లారీలు నిలిపే చోటో కట్టుకోవచ్చు. బోరు వేయకూడదని దస్తావేజులోనే రాయాలి. తవ్వితే ఖర్చు అమ్మేవాడు ఒకసారి భరిస్తాడు. కప్పి ఇళ్ళు కడితే కొన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు భరిస్తూనే ఉంటారు. ఈ ఊళ్ళో ఇంత స్థలం కోసం జీవితమంతా కూడబెట్టినవాళ్ళను నేనెరుగుదును, నా కోపమంతా అందుకే.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించాలి, కాలుష్య నియంత్రణ మండలి పరిశీలించాలి, పాడుచేసినవారే ఖర్చు పెట్టుకోవాలి. కలెక్టరు కార్యాలయంలో ఇవ్వడానికి అర్జీ రాశాను, గుంత ఫొటోలు జతచేశాను. అక్కడ స్థలం చూసుకున్న పక్కింటి పెద్దాయన నిన్న వచ్చి, అడ్వాన్సు ఇవ్వమంటావా అని అడిగారు. పక్క బోరు నీళ్ళలో, కాలువ పక్క మట్టిలో క్రోమియం పరీక్ష చేయించి, కాగితం చేతికొచ్చాకే ఆలోచించమన్నాను.