ఉస్మానియానా, హెచ్‌సీయూనా?

పీజీ కోసం ఉస్మానియా, హెచ్‌సీయూ (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం) రెండింటిలో ఏది అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది వాటి పుట్టుక గురించే. ఉస్మానియా 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో మొదలైంది. చదువంతా ఉర్దూలోనే. పాఠ్యపుస్తకాల కోసం ఏకంగా ఒక అనువాద విభాగమే పెట్టారు. ఆ రోజుల్లో ఇది మామూలు సాహసం కాదు. ఇంగ్లిష్ మీడియం 1948 తర్వాతి మాట. అందరూ ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 నాటిది.

హెచ్‌సీయూది ఢిల్లీ దారి. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాలను చల్లార్చడానికి కేంద్రం తెచ్చిన 1973 ఆరు సూత్రాల పథకం పుణ్యమా అని, 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టింది. తొలి మకాం అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు, గోల్డెన్ థ్రెషోల్డ్. తర్వాత గచ్చిబౌలి.

ఉస్మానియాకు అనుబంధ కాలేజీలు బోలెడు. హెచ్‌సీయూకు ఆ బరువు లేదు, పీజీ, పరిశోధన మీదే దాని దృష్టి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే నా ఓటు గచ్చిబౌలికే.