గుట్ట అవతలి చుక్క: కుక్ సిటీ మంచులో జీపీఎస్ రేడియోతో నాలుగు రోజులు

ఫిబ్రవరిలో నేను, మా బావమరిది, ఆఫీసు మిత్రుడు ఒకరు కలిసి మాంటానాలోని కుక్ సిటీకి వెళ్లొచ్చాం. ముగ్గురికీ మంచు మీద నడిపే బండి, అదే స్నోమొబైల్, కొత్త కాదు. కానీ ఇన్నాళ్లూ తిరిగినవన్నీ చదును చేసి బోర్డులు పెట్టిన దారులే. దారీ తెన్నూ లేని కొండ మంచులోకి దిగడం ఇదే మొదటిసారి. అందుకే బయల్దేరడానికి నెల ముందు నుంచీ మా మధ్య ఒకటే చర్చ, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి చేతిలో ఏ రేడియో ఉండాలని.

చలికాలంలో ఆ ఊరికి కారు వెళ్లేది ఒక్క దారినే. గార్డినర్ దగ్గర ఎల్లోస్టోన్ పార్కులోకి వెళ్లి, లమార్ లోయ మీదుగా యాభై మైళ్లకు పైగా నడపాలి. బైసన్ల (అడవి దున్నల్లాంటి జంతువులు) మంద రోడ్డెక్కితే అవి కదిలేదాకా ఆగాల్సిందే. మేం ఇరవై నిమిషాలు ఆగాం. కుక్ సిటీ దాటాక రోడ్డు మీద మంచు తీయరు. వయోమింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ ముక్కను స్నోమొబైల్ మీదే దాటి వస్తారు.

మేం దిగిన మోటెల్ ఊరి నడిమి రోడ్డు మీదే ఉంది. గది చిన్నది, గోడలు పల్చన, పక్క గదిలో దగ్గినా వినిపిస్తుంది. అయినా నాకు నచ్చింది. తలుపు ముందు నుంచే బండి తీసుకుని కొండకు వెళ్లిపోవచ్చు, తడిసిన బూట్లూ గ్లోవ్స్ ఆరబెట్టుకోవడానికి వేరే వెచ్చటి గది ఉంది. ప్లగ్గులు మాత్రం రెండే. ఫోన్లు, రేడియోలు, ఫోన్ సిగ్నల్ లేని చోటి నుంచి కబురు పంపే శాటిలైట్ మెసెంజర్ అన్నీ రాత్రే చార్జ్ అవ్వాలి కాబట్టి మల్టీప్లగ్ వెంట ఉంచుకోండి.

ఇక రేడియో సంగతి. డబ్బాల మీద ఇరవై మైళ్లు, ముప్పై మైళ్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి మాత్రం కొనకండి. ఇవి 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే యూహెచ్‌ఎఫ్ రేడియోలు. ఇద్దరి మధ్యా అడ్డు లేకపోతే చాలా దూరం వినిపిస్తాయి, మధ్యలో కొండ వస్తే అర మైలు కూడా కష్టమే. లైసెన్స్ అక్కర్లేని ఎఫ్‌ఆర్‌ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్) రేడియో పవర్ 2 వాట్లు మించదు. జీఎంఆర్‌ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్) రకం చేతి రేడియోలు 5 వాట్ల దాకా వస్తాయి. వాటికి అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్స్ కావాలి, పరీక్ష ఏమీ ఉండదు. 35 డాలర్లు కడితే పదేళ్లు పనికొస్తుంది, కుటుంబమంతటికీ అదే చాలు. బావమరిది కూడా ఆ లెక్కలోకి వస్తాడని చదివినప్పుడు ఇద్దరం సంతోషపడ్డాం.

మేం చివరికి ఒక స్నేహితుడి దగ్గర గార్మిన్ రైనో జత అరువు తెచ్చుకున్నాం. దాని గొప్పతనం ఏమిటంటే, మాట్లాడినప్పుడు మాటతో పాటు మనం ఉన్న చోటు కూడా అవతలివాడి మ్యాప్ మీద చుక్కగా పడుతుంది. మూడోది మిత్రుడి కోసం అక్కడే బండ్లు అద్దెకిచ్చే షాపులో తీసుకున్నాం. అది మామూలు వాకీటాకీ.

మొదటి రోజే ఆ అద్దె రేడియోతో టెన్షన్ మొదలైంది. అతని మాటలు మాకు వినిపిస్తున్నాయి, మా మాటలు అతనికి వినిపించడం లేదు. పావుగంట తంటాలు పడ్డాక మేం పెట్టుకున్న గైడ్ వచ్చి చూశారు. చానల్ ఒకటే కానీ అందులో పాత కస్టమర్ ఎవరో పెట్టిన ప్రైవసీ కోడ్ అలాగే ఉండిపోయింది. షాపువాళ్లు ఇచ్చే ముందు ఒక్కసారి రీసెట్ చేసి ఉంటే సరిపోయేది. ఆ కోడ్ మన మాటల్ని ఎవరూ వినకుండా ఆపదు, మన రేడియోకి మిగతావాళ్లను వినిపించకుండా చేస్తుందంతే. ఏ రేడియో తీసుకున్నా కొండకు బయల్దేరే ముందు ఊళ్లోనే అందరూ ఒకసారి మాట్లాడి చూసుకోవాలి.

గైడ్‌కు పెట్టిన డబ్బు ఈ ట్రిప్పులో అన్నిటికంటే బాగా పెట్టిన ఖర్చు. పొద్దున్నే, కొండల మీది నుంచి మంచుచరియలు (అవలాంచ్) జారే ప్రమాదం గురించి గాలాటిన్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే రిపోర్ట్ చదివి వినిపించి, ఆ రోజు ఏ వాలు ఎక్కకూడదో చెప్పేవారు. తర్వాత బీకన్ల పరీక్ష, అంటే మంచుచరియ కింద కూరుకుపోయినవాళ్లను వెతకడానికి ఒంటికి కట్టుకునే పరికరాల పరీక్ష. నా ఛాతీ మీద బీకన్, దాని పక్క జేబులోనే రేడియో ఉండటం చూసి వెంటనే తీయించారు. ఆ బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఎలక్ట్రానిక్స్ దగ్గరగా ఉంటే దాని సిగ్నల్ చెడుతుంది. మామూలుగా కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలి. రేడియోను బ్యాగు పట్టీ చివర, ఎడమ చేతికి అందేలా కట్టించారు. యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద ఉంటుంది కాబట్టి ఖాళీ దొరికేది ఎడమ చేతికే.

మూడో రోజు మధ్యాహ్నం డైసీ పాస్ అనే కనుమ దాటాక మబ్బు కిందికి దిగింది. మంచూ ఆకాశమూ ఒకటే తెలుపు. గైడ్ ముందు, నేనూ మిత్రుడూ మధ్యలో, బావమరిది చివర. ఒక చోట ఆగి ఇంజిన్లు ఆపేశాం. ఇంజిన్ ఆపితే తప్ప హెల్మెట్‌లోంచి రేడియో వినపడదు. వెనక ఎవరూ రాలేదు. పిలిచాను, జవాబు లేదు. స్క్రీన్ మీద వాడి చుక్క ఉంది. కానీ పక్కన ఉన్న సమయం చూస్తే అది తొమ్మిది నిమిషాల కిందటిది. అప్పుడర్థమైంది, చుక్క కూడా మాట లాంటిదే, రేడియో అందితేనే కదులుతుంది. మధ్యలో గుట్ట అడ్డం.

ముగ్గురం వచ్చిన దారినే వెనక్కి వెళ్లి గుట్ట మీదికెక్కాం. మళ్లీ పిలిచాను. బర్రుమని చప్పుడు, తర్వాత వాడి గొంతు. "బావా, బండి పక్కకి ఒరిగిపోయింది. నేను బాగానే ఉన్నా." ఆ మాటతో పాటే చుక్క ఎగిరి కొత్త చోట పడింది. మా దారికి ఎడమగా, 350 మీటర్ల దూరంలో, చెట్ల మధ్య. ఆ మబ్బులో "ఎక్కడున్నావ్" అని అడిగితే వాడు మాత్రం ఏం చెప్పగలడు? చుట్టూ ఒకేలాంటి చెట్లు. చుక్కను పట్టుకుని నేరుగా వెళ్లిపోయాం. బండిని తవ్వి లేపడానికి నలభై నిమిషాలు పట్టింది.

మ్యాప్ ఇంకో రకంగానూ ఆదుకుంది. ఊరికి ఆనుకునే అబ్సరోకా-బేర్‌టూత్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవి ప్రాంతం ఉంది, అందులోకి ఇంజిన్ బండి వెళ్లకూడదు. మంచు మీద కంచె కనపడదు, స్క్రీన్ మీద గీత కనపడుతుంది.

బటన్లున్న మోడలే తీసుకోండి. మందపాటి గ్లోవ్స్‌తో, తడి మంచు పడుతుండగా టచ్‌స్క్రీన్ వాడటం ఎవరికైనా కష్టం. చలికి ఏ బ్యాటరీ అయినా తొందరగా దిగిపోతుంది, కాబట్టి స్పేర్ బ్యాటరీ ఒంటికి తగిలేలా లోపలి జేబులో పెట్టుకోండి. గుంపులో అందరూ స్నేహితులే, ఎప్పుడూ గైడ్‌తోనే తిరుగుతాం అనుకునేవాళ్లకు బీసీఏ లింక్ లాంటి భుజం మైకు రేడియో చాలు. మాట్లాడటానికి అదే సుఖం, కానీ చుక్క ఉండదు. రెండు రకాల్లో ఏదున్నా ఇరీడియం శాటిలైట్ల మీద పనిచేసే ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ గుంపుకి ఒకటైనా ఉండాలి. కాలు విరిగితే కబురు ఊరికి అందాలి, రేడియో గుంపు దాటి పోదు.

ఇంటికొచ్చాక అరువు తెచ్చిన జత తిరిగిచ్చేసి, బటన్లున్న జీపీఎస్ రేడియోలు మూడు చూసుకున్నాం. నా లైసెన్స్ వచ్చేసింది. మిత్రుడు కుటుంబం కిందికి రాడు కాబట్టి తన దరఖాస్తు తనే పెట్టుకున్నాడు.