‘మహేంద్రతనయ ఒడ్డు’: కళ్ళు మూసుకుని విన్న ట్రైలర్

పదమూడేళ్ళు డబ్బింగ్ థియేటర్లో నిలబడ్డాక నాకో అలవాటు మిగిలిపోయింది. ఏ సీరియల్ ముక్క చూపించినా ముందు కళ్ళు మూసుకుని వింటాను. తర్వాత సౌండ్ తీసేసి చూస్తాను. రెండూ కలిపి చూడటం ఆఖర్న. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి డిగ్రీ పిల్లలు ఆరుగురు తీసిన సీరియల్ ట్రైలర్ కూడా అలాగే చూశాను. నిడివి 1 నిమిషం 48 సెకన్లు. పేరు ‘మహేంద్రతనయ ఒడ్డు’. మార్కులు వెయ్యడానికి బయటి మనిషిగా నన్ను పిలిచారు. మార్కుల కాయితం ఆ రోజే ఇచ్చేశాను గానీ, అందులో పట్టని మాటలు చాలా ఉండిపోయాయి.

సౌండ్ లేకుండా చూస్తే ఈ ట్రైలర్ మా ఊరు. కళ్ళు మూసుకుని వింటే హైదరాబాద్. నేను చెప్పదలచుకున్నదంతా దీని గురించే.

ముందు ప్రాజెక్టు సంగతి. సీరియల్ మొత్తం తియ్యక్కర్లేదు, రాబోయే సీరియల్‌కి ట్రైలర్ తీస్తే చాలు. దానితో పాటు ఒక పోస్టరు, టీవీ వారపత్రిక ముఖచిత్రం ఒకటి చెయ్యాలి. ఈ పద్ధతి ఇంగ్లండులో ఏ-లెవెల్ మీడియా స్టడీస్ చదివే పిల్లలకి ఉండేది. చివర వాళ్ళ పనిని వాళ్ళే బేరీజు వేసుకోవడానికి నాలుగు ప్రశ్నలూ అక్కడివే: ఉన్న సీరియళ్ళ పద్ధతుల్ని ఎంతవరకు వాడారు, ఎక్కడ కాదన్నారు? ట్రైలరూ పోస్టరూ కవరూ కలిసి ఒకే మాట చెబుతున్నాయా? చూసినవాళ్ళ నుంచి ఏం నేర్చుకున్నారు? ఏ పరికరాలు ఎలా వాడారు? మా పిల్లల లెక్చరరు ఆ నాలుగు ప్రశ్నల్నీ తెలుగులో రాసి ఇచ్చారు. మంచి పని చేశారు, ఎందుకంటే పిల్లల జవాబులు కూడా తెలుగులోనే వచ్చాయి.

కథ ఇదీ. కొమ్ము పని చేసే కుటుంబం. పశువుల కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చెక్కే పని మా ఊరికి పేరు తెచ్చింది, తెలియనివాళ్ళకి చెబుతున్నాను. పెద్ద కోడలు తెలుగమ్మాయి. చిన్న కొడుకు ఒడియా అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇంటికి తెస్తాడు. పనిశాల ఎవరి పేరున ఉందన్న కాయితం ఒకటి అత్తగారు దాచింది. ఇంటి రహస్యం, ఇద్దరు కోడళ్ళు, ఆస్తి, ఊరొదిలి పోదామనే కొడుకు: సీరియల్ అయిదారొందల ఎపిసోడ్లు నడవడానికి ఎన్ని పాయలు కావాలో అన్నీ ఉన్నాయి. ట్రైలర్‌లో ఏ పాయనీ తేల్చెయ్యలేదు. కాయితం మీద ఏముందో మనకి కనబడనివ్వలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలకి ఆ నిగ్రహం ఉండటం నాకు చాలా నచ్చింది.

బొమ్మల విషయంలో నాకు పెద్దగా పేచీ లేదు. మొదటి షాటు రైలు. నౌపడ నుంచి వచ్చి మా ఊరి మీదుగా గుణుపురం పోయే బండి. 1900లో రాజుగారు మా ఊరి దాకా వేయించిన నేరోగేజీ లైను అది, 2011లో బ్రాడ్‌గేజీ అయింది. ఆంధ్రాలో బయల్దేరి ఒడిశాలో ఆగే బండిలోంచి కొత్త కోడలు దిగుతుంది. ఒక్క మాట లేకుండా ఈ కథ ఎక్కడిదో చెప్పేశారు. రెండో షాటు మహేంద్రతనయ, మా ఊరి ఏరు. అటు ఆంధ్రాలో పాతపట్నం, ఇటు మేము. పెద్ద కోడలు అటు ఒడ్డున, చిన్న కోడలు ఇటు ఒడ్డున చీరలు ఉతుకుతున్నట్టు చూపించారు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టకుండా అటొక కట్, ఇటొక కట్ వేసి మధ్యలో నీళ్ళు చూపించారు. ఎడిటింగ్ చేసినమ్మాయి పని ఇది. ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే డావిన్చి రిజాల్వ్‌లో చేశానంది. తీసింది రెండు ఫోన్లతో, పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక కెమెరాతో. ఫోన్ షాట్లకీ కెమెరా షాట్లకీ రంగు తేడా రాకుండా సరిచెయ్యడానికి నాలుగు రాత్రులు కూర్చుందట. తేడా నాకైతే కనబడలేదు.

ఒకచోట మాత్రం చెయ్యి జారింది. 41వ సెకను దగ్గర అత్తగారు కాయితం దాస్తుంటే పెద్ద కోడలు చూస్తుంది. అక్కడ మొహం మీదికి మూడుసార్లు జూమ్, మూడుసార్లు ఉరుము. ఇదెక్కడిదో చెప్పక్కర్లేదు. రోజూ సాయంత్రం మనిళ్ళలో వినబడేదే. రోజువారీ ఎపిసోడ్లో దానికి పని ఉంది. వంటింట్లో పోపు వేస్తున్న మనిషి ఆ ఉరుము విని హాల్లోకి వస్తుంది. ట్రైలర్ చూసేవాళ్ళు అప్పటికే తెర ముందు కూర్చుని ఉంటారు. పైగా ఆ పెద్ద కోడలుగా వేసిన అమ్మాయి కళ్ళు తిప్పిన తీరు చాలా బాగుంది. ఒక్క షాటు అలా వదిలేస్తే చాలు. మూడుసార్లు కొట్టేసరికి ఆ కళ్ళు చూసే తీరిక మనకి లేకుండా పోయింది.

ఇక మాట.

పెద్ద కోడలు మరిదికి ఎదురు నిలబడి ఇలా అంటుంది: “ఈ ఇంటి గౌరవం కోసం నేను ఎంత దూరమైనా వెళ్తాను. నా ప్రాణం పోయినా నిన్ను ఈ గడప దాటనివ్వను.” ఉచ్చారణ శుభ్రంగా ఉంది. శ, స, చ అన్నీ తేటగా పలికింది. ఇలాంటి డైలాగులు నేను కొన్ని వందలు చెప్పి ఉంటాను కాబట్టి ఎంత కష్టపడి సాధించిందో నాకు తెలుసు. కానీ పర్లాకిమిడిలో కొమ్ము చెక్కే ఇంటి కోడలు అలా అనదు. మా అత్త అయితే “ఎల్తావేటి? ఎల్లు. ఎల్లి సూడు” అని, చేతిలో గిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టి లోపలికి పోతుంది. ఆ తర్వాత మరిది గడప దాటలేడు.

అత్త, మావ, కొడుకులు అందరిదీ ఇదే భాష. ఒడియా కోడలు మాత్రం రైలు దిగి, ఇంటి ముందు జనాన్ని చూసి, “కొణొ హెలా?” అంటుంది, ఏమైందని. ఆ పాత్ర వేసింది ఒడియా అమ్మాయే. తన ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. కింద తెలుగులో అక్షరాలు వేశారు. చక్కటి నిర్ణయం. అంగట్లో ఒడియా, వంటింట్లో తెలుగు, పిల్లల్ని కసరడానికి రెండూ కలిపి, మా ఇళ్ళు నడిచేది అలాగే. కానీ దీనివల్ల ఏమైందంటే, కొత్తగా వచ్చిన ఆ కోడలే ఈ ఊరి మనిషిలా ఉంది. పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళు బయటినుంచి వచ్చినట్టున్నారు.

ఎందుకిలా రాశారని అడిగాను. స్క్రిప్టు రాసిన కుర్రాడు మొహమాటపడుతూ, “మన యాసలో రాస్తే కామెడీ అనుకుంటారు మేడమ్” అన్నాడు.

ఆ మాటకి నాకు కోపం రాలేదు, గొంతు పట్టేసింది. 2006లో నేను హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకుని పని వెతుక్కుంటున్న రోజుల్లో ఒక డబ్బింగ్ ఇన్‌ఛార్జి నా గొంతు విని, “గొంతు బాగుందమ్మా, ఆ సీకాకులం తీసేసి రా” అన్నాడు. తీసేశాను. రోజూ పొద్దున పేపరు పైకి చదివి చదివి తీసేశాను. ‘సెప్పు’ అన్నది ‘చెప్పు’ కావడానికి ఆరు నెలలు పట్టింది. తెలుగు సీరియళ్ళలో కన్నడ హీరోయిన్లు చాలామంది ఉంటారు కాబట్టి గొంతులకి గిరాకీ ఉండేది. పని దొరికింది, అన్నం పెట్టింది, కాదనను. తర్వాత ఒకరోజు అదే మనిషి మళ్ళీ పిలిచి, “పనిమనిషి పాత్ర వచ్చింది, నీ సీకాకులం బయటికి తియ్యి, నవ్వు రావాలి” అన్నాడు. మా అమ్మ మాట్లాడే మాటతో నవ్వించమన్నాడు. నేను చెప్పాను కూడా. ఆ వారం అమ్మకి ఫోన్ చెయ్యలేకపోయాను.

అందుకే ఆ కుర్రాడి భయం నాకు అర్థమైంది. తను చూసిన సీరియళ్ళు అతనికి నేర్పిందే అతను రాశాడు. అయితే వాళ్ళ లెక్చరరు తెచ్చిన పద్ధతి పుట్టిన దేశంలోనే సీరియల్ చరిత్ర చూడమన్నాను. ఇంగ్లండులో ‘కొరొనేషన్ స్ట్రీట్’ అని 1960 డిసెంబరులో మొదలైంది, ఇంకా నడుస్తోంది. మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లాంటి ఒక కార్మికుల వీధి కథ. అందులో జనం లండన్ రేడియో ఇంగ్లీషు మాట్లాడరు, ఆ ఉత్తరాది వీధి మాటే మాట్లాడతారు. ఏడిచినా, ప్రేమించినా, ఆస్తి కోసం కొట్టుకున్నా ఆ మాటలోనే. అరవై ఏళ్ళు దాటినా దేశమంతా చూస్తోంది.

అంతదూరం ఎందుకు, మా ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు. 1880లో ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరిన మనిషి, మనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలని పోట్లాడారు. కొండమీది సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం. ఈ పిల్లలు కూడా వేసే ఉంటారు.

ఇప్పుడు 1 నిమిషం 9వ సెకను గురించి చెప్పాలి. ఈ ట్రైలర్‌కి నేను మార్కులు వేసింది ఎక్కువ దానికే.

షూటింగ్ నిజంగా కొమ్ము పనివాళ్ళ ఇంట్లోనే చేశారు. రెండు టేకుల మధ్య పెద్ద కోడలు వేషం వేసిన అమ్మాయి అక్కడున్న కొమ్ము ముక్క తీసుకుని ఊరికే వంచి చూస్తోంది. ఆ ఇంటి ముసలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నటించడానికి కాదు, తన ఇల్లు కాబట్టి కూర్చుంది. కెమెరా ఆపడం మర్చిపోయారు. ముసలమ్మ అంది:

“ఒలే, సెగ సూపకుండా కొమ్ముని వంచుతావేటే? ఇరిగిపోద్ది. కూకో.”

అమ్మాయి కూర్చుంది. అంతే, ఆరు సెకన్లు. ఎడిటింగ్ చేసినమ్మాయి ఆ ముక్కని పారెయ్యకుండా అత్తగారి కేకలు అయిన వెంటనే పెట్టింది. సంగీతం పూర్తిగా ఆపేసింది. వెనక ఎక్కడో ఆకురాయి రుద్దే చప్పుడు ఒక్కటే ఉంది. నేను కళ్ళు మూసుకుని వింటున్నప్పుడు అక్కడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. కొత్త కోడలిని తొందరపెట్టి వంచబోతున్న ఆ ఇంటి కథంతా ఆ ముసలమ్మ మాటలో ఉంది. రాసిన డైలాగులు ఏవీ దాని దగ్గరికి రాలేదు. రాత్రి ఇంట్లో మళ్ళీ పెడితే, పక్క గదిలోంచి మా అమ్మ, “ఎవుర్దే ఆ గొంతు? మన ఈదోళ్ళదేనేటి?” అని లేచి వచ్చింది. మిగతా ట్రైలర్ అంతా నడుస్తున్నంతసేపూ అమ్మ రాలేదు.

పిల్లలు ట్రైలర్ వేసి చూపించిన రెండిళ్ళలోనూ అందరూ ఆ ముసలమ్మ గురించే అడిగారని వాళ్ళ ఫైల్లో ఉంది. చూసినవాళ్ళ నుంచి ఏం నేర్చుకున్నారన్న మూడో ప్రశ్నకి జవాబుగా, ‘ప్రేక్షకులకు సహజత్వం నచ్చింది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది.

సౌండ్ పనిలో ఇంకో లోపం, ఏటి ఒడ్డు డైలాగులు ఫోన్ మైకుతో తీశారు. గాలి కొట్టేసింది. దాన్ని కప్పడానికి సంగీతం పెంచారు, మాట మునిగింది. ఆ సీను మళ్ళీ డబ్బింగ్ చెయ్యాలి. దానికి థియేటర్ అక్కర్లేదు. చీరలున్న బీరువా తలుపులు తెరిచి, వెనక ఒక బొంత వేలాడదీసి, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టుకుంటే గది మోత రాదు. ఏటి చప్పుడు ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకుని కింద పరిస్తే మాట ఒడ్డుమీదే ఉన్నట్టుంటుంది. మాట వచ్చినచోట సంగీతం దిగాలి, మాట అయ్యాక లేవాలి.

పోస్టరు బాగుంది: ఏటి నీలం, రెండు ఒడ్లు, మధ్యలో కొమ్ము దువ్వెన. కానీ పేరులో ‘ంద్ర’ విరిగి, రావత్తు పక్కన పడింది. పాత ఫోటోషాప్‌లో దక్షిణాసియా భాషల అమరిక ఆన్ చెయ్యకపోతే తెలుగు వత్తులు ఇలాగే చెల్లాచెదురవుతాయి. ముందు సెట్టింగ్ మార్చుకోండి. పత్రిక కవరు మీద మాత్రం పెద్ద కోడలి మొహమే నింపేశారు. దువ్వెనా లేదు, ఏరూ లేదు, ఏ సీరియల్‌దైనా కావచ్చు.

నూటికి 72 వేశాను. బొమ్మకి, కథకి దాదాపు నిండుగా వేసి, మాట దగ్గర తగ్గించాను. ఎక్కడ తగ్గించానో, ఎందుకో ఆ కుర్రాడికి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. అతను నోట్సు రాసుకోలేదు, వింటూ కూర్చున్నాడు. లేచి వెళ్ళేముందు, “పిన్నీ, మా నాన్నమ్మ చేత చదివించి రాసుకురానా?” అని అడిగాడు. పొద్దుట్నుంచీ మేడమ్ అంటున్నవాడు.

ఆదివారం మూడింటికి ఆరుగురూ మా ఇంటికి వస్తున్నారు. బీరువా ఉన్న గదిలో ఫ్యాన్ చప్పుడు చేస్తుంది, ఆపేసి చెయ్యాలి. ముసలమ్మ ముక్క జోలికి వెళ్ళొద్దని ఎడిటింగ్ అమ్మాయికి ఇప్పటికే చెప్పాను. మిగతావన్నీ మళ్ళీ చెబుతాం.