కదేష్ సంధి కోసం టర్కీ వెళ్ళాం: మీరు మాత్రం ముందు బోగాజ్‌కాలె, తర్వాతే ఇస్తాంబుల్ చూడండి

మా అక్క స్కూల్లో సోషల్ చెబుతుంది. మూడు వేల ఏళ్ళకి పైగా క్రితం ఈజిప్టు రాజుకీ, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ల రాజుకీ కుదిరిన ఒప్పందం కదేష్ సంధి. అది రాసిన మట్టిపలకను కళ్ళారా చూడాలని ఆవిడకి ఎన్నాళ్ళనుంచో కోరిక. మొన్న మే సెలవుల్లో ఇద్దరం బయల్దేరాం. మేం చేసిన పొరపాటు ముందే చెప్తాను: ఆ పలక దొరికిన బోగాజ్‌కాలె కన్నా, పలక ఉన్న ఇస్తాంబుల్ మొదట చూశాం.

గుల్హానే ట్రామ్ స్టాప్‌లో దిగి కాస్త ఎత్తు ఎక్కితే ఆర్కియాలజీ మ్యూజియం. అదే ఆవరణలో ప్రాచీన ప్రాచ్య దేశాల విభాగం వేరే భవనంలో ఉంది. జనమంతా బాబిలోన్ నీలి ఇటుకల సింహాల దగ్గరే. పలక ముందు మేమిద్దరమే. పగిలిన ముక్కలు అతికించిన మట్టిపలక, దాని నిండా పుల్లతో గుచ్చినట్టున్న సన్నటి అక్షరాలు. అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ రోజు అది మట్టిపలకగానే కనిపించింది.

ఇస్తాంబుల్ హోటల్ గురించి ఒక్క మాట. సముద్రం కనిపించే గది అని డబ్బు కట్టించుకుని, పక్కింటి గోడ కనిపించే గది ఇచ్చారు. అడిగితే రేపు మారుస్తామన్నారు, మార్చలేదు. గది ఫొటో తెప్పించుకోకుండా అడ్వాన్స్ కట్టకండి.

అంకారా నుంచి బస్సులో సుంగుర్లు, అక్కణ్ణుంచి టాక్సీలో దాదాపు 30 కిలోమీటర్లు వెళ్తే బోగాజ్‌కాలె. టాక్సీ రేటు ముందే మాట్లాడుకోవాలి. ఊరు చిన్నది. మేం దిగింది ఓ కుటుంబం నడిపే పెన్షన్‌లో, అంటే ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే చిన్న బసలో. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకి లోటు లేదు. మేం మాంసం తినమంటే ఆ ఇంటావిడ రెండు పూటలా ఎర్రపప్పు చారు కాచి పెట్టింది. నిమ్మకాయ పిండుకుని తాగితే మనింటి చారులాగే ఉంది.

ఊరి పైన కొండమీద హట్టుషా, హిట్టైట్ల రాజధాని. ఒక్క రోజులో చుట్టేయవచ్చంటారు, నేను ఒప్పుకోను. యెర్‌కాపి అనే చోట కోట కట్ట కింద 70 మీటర్ల రాతి సొరంగం ఉంది. రెండు వైపుల బండలూ పైకి వెళ్ళేకొద్దీ ఒకదానివైపు ఒకటి వంగి కలుస్తాయి. లోపల చెయ్యి ఆనిస్తే రాయి చల్లగా తగిలింది. దగ్గర్లోనే ఉన్న యజిలికాయ అనే చోట రాతి మీద చెక్కిన దేవతల వరస చూడ్డానికి మర్నాడు పొద్దున్నే వెళ్ళండి.

ఆ పలక దొరికింది ఇక్కడి తవ్వకాల్లోనే, 1906లో. సిరియా మీద పట్టు కోసం ఈజిప్టూ హిట్టైట్లూ క్రీ.పూ. 1274 ప్రాంతంలో కదేష్ దగ్గర తలపడ్డారు. ఎవరూ తేల్చుకోలేకపోయినా, ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ తానే గెలిచానని గుడి గోడల మీద చెక్కించుకున్నాడు. తూర్పున అస్సీరియా రాజ్యం బలపడుతుండగా, సుమారు పదిహేనేళ్ళకి హిట్టైట్ రాజు మూడో హట్టుసిలితో సంధి కుదిరింది. రాజుల మధ్య మార్చుకున్న వెండి పలకలు ఇప్పుడు లేవు. మిగిలినవి మట్టి ప్రతులు, ఈజిప్టులోని కర్నాక్ గుడి గోడ మీది ఈజిప్టు పాఠం.

హట్టుషా కోటకి సింహాలు చెక్కిన ద్వారం ఒకటుంది. దాని నీడలో కూర్చుని అక్క ఆ సంధిలోని ఒక షరతు చెప్పింది. ఒక రాజ్యం నుంచి పారిపోయి రెండోదానికి వచ్చినవాణ్ణి తిరిగి అప్పగించాలి. కానీ అతని ఇంటినీ, భార్యాపిల్లల్నీ ఏమీ చెయ్యకూడదు. కళ్ళకీ, చెవులకీ, నోటికీ, కాళ్ళకీ హాని చెయ్యకూడదు.

"చూశావా, రాజుల పత్రంలో పారిపోయినవాడి పిల్లలు కూడా ఉన్నారు" అంది. నాకు నోట మాట రాలేదు. ఎదురుగా ఆ కోటగోడలే ఉన్నాయి, అలాంటివాళ్ళు దాటి పోయిన గోడలు.

అందుకే చెప్తున్నా, ఇక్కడ రెండు రాత్రులు ఉండండి. కొండ ఎక్కాలి కాబట్టి మంచి బూట్లు, నీళ్ళు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైదాకా టాక్సీ మాట్లాడుకోవచ్చు.

తిరుగు ఫ్లైట్‌కి ముందు ఇస్తాంబుల్‌లో పూట టైమ్ దొరికింది. ఈసారి మ్యూజియంకి పోదామన్నది నేనే. అద్దానికి మొహం ఆనించి ఆ సన్నటి గీతల్లో పిల్లల మాట ఏ వరసలో ఉందో అని వెతుకుతూ నిలబడ్డాను. మూసేస్తున్నామని గార్డు వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాం.