గ్యారేజీ కథకు 3,678 డాలర్లు: అంతరిక్ష నౌకల నమూనాలు వేలంలో కొనేవారికి హెచ్చరిక

అసలు సంగతి ముందే చెబుతాను. గత అక్టోబరులో ఒక ఆన్‌లైన్ వేలంలో నేనొక నౌక నమూనా కొన్నాను. డెబ్భైల చివర్లో అమెరికాలో వచ్చిన ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ చిత్రీకరణలో వాడినదని చెప్పి అమ్మారు. అది నకిలీ. డబ్బు తిరిగి రాలేదు, ఇక రాదు కూడా. సంస్థ పేరు రాయవద్దని లాయరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. సీరియల్ పేరు కూడా అందుకే దాస్తున్నాను. పేరు చెబితే లాట్, అంటే వేలం జాబితాలో ఆ వస్తువు పద్దు, దొరుకుతుంది, లాట్ దొరికితే సంస్థ దొరుకుతుంది. ఎలా మోసపోయానో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతాను. ఈ పిచ్చి ఉన్న తెలుగువాళ్లు ఒక్క న్యూజెర్సీలోనే ఇంతమంది ఉన్నారని నాకు ఈ గొడవ మొదలయ్యాకే తెలిసింది.

నాది పాత పిచ్చి. ఎనభైల్లో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ వచ్చే ఆదివారాలు, తెనాలిలో పక్కింటివాళ్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాప మీద కూర్చుని చూసినవాడిని. ఇంగ్లీషు మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. నౌక మాత్రం అర్థమయ్యేది. ఇక్కడికి వచ్చి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక, అలాంటిది ఒక్కటి ఇంట్లో పెట్టుకోవాలన్న కోరిక తలెత్తింది. పెద్దవి మనకు అందేవి కావు. 2006 అక్టోబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ అనే వేలం సంస్థవాళ్లు స్టార్ ట్రెక్ సామగ్రిని వేలం వేసినప్పుడు, అందులోని ఎంటర్‌ప్రైజ్-డి అనే నౌక పెద్ద నమూనాకు 25 నుంచి 35 వేల డాలర్లు రావచ్చని అంచనా వేశారు. పాట ముగిసి సుత్తి పడింది 5 లక్షల దగ్గర. కొన్నవారు సంస్థ ప్రీమియంతో, అంటే పాట ధర మీద వేలం సంస్థ వేసుకునే రుసుముతో, కలిపి కట్టింది 5,76,000. ఈ ప్రీమియం మాట గుర్తుపెట్టుకోండి, నా కథలోనూ వస్తుంది.

నన్ను ముంచింది మాత్రం 2023 నాటి వార్త. గ్రెగ్ జీన్ అని హాలీవుడ్‌లో పేరున్న నమూనాల శిల్పి 2022లో చనిపోయారు. ఆయన గ్యారేజీలో ఒక అట్టపెట్టెలో, ప్యాకింగ్ థర్మకోల్ ముక్కల మధ్య, మొదటి స్టార్ వార్స్ చిత్రంలోని ఎక్స్-వింగ్ అనే యుద్ధనౌక నమూనా బయటపడింది. దశాబ్దాలుగా ఎక్కడుందో తెలియని వస్తువు. ఆ అక్టోబరులో వేలంలో 31 లక్షల 35 వేల డాలర్లు పలికింది. ఆ కథ నూటికి నూరుపాళ్లు నిజం. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అప్పటినుంచి ఈ వ్యాపారంలో ప్రతివాడికీ ఒక గ్యారేజీ పుట్టుకొచ్చింది.

నేను కొన్న లాట్ కింద కూడా అదే కథ: స్టూడియోలో పనిచేసి రిటైరైన ఒక మోడల్ తయారీదారు, ఆయన గ్యారేజీ, ఒక పెట్టె, దుమ్ము. పధ్నాలుగు అంగుళాల యుద్ధనౌక. ఎడమ రెక్క మీద మసి, ఎర్ర చార, అక్కడక్కడా రంగు పెచ్చులూడిన చోట్లు. ఫోటోలు అద్భుతంగా ఉన్నాయి. మొత్తం ఆరు, ఆరూ ఎడమవైపు నుంచే తీసినవి. ఈ వాక్యం ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది కానీ, అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు.

పెద్ద అక్షరాల్లో ‘చిత్రీకరణలో వాడిన నమూనా’ అని ఉంది. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘విక్రేత తెలిపిన ప్రకారం’. సర్టిఫికెట్ కూడా ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా. ఎవరిచ్చారు? అమ్మే సంస్థే. అందులో ‘మా అభిప్రాయంలో’ అన్న మాట మూడుసార్లు ఉంది. పెళ్లికొడుకు గుణగణాలకు పెళ్లికొడుకే పూచీ పడ్డట్టు.

పదిహేను వందలు దాటకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. రాత్రి పదకొండు గంటలకు అవతల ఎవరో నాతో పోటీకి దిగారు. రెండు వేలు, ఇరవై రెండు వందలు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, “ఏమండీ, ఆ బొమ్మ మన గోడకు సరిపోతుందా?” అంది. సరిపోతుందని చెప్పి 2,600 కొట్టాను. అవతలివాడు ఆగిపోయాడు. ఆ ఒక్క క్షణం ఆనందానికి లెక్క ఇదీ: సుత్తి ధర 2,600. దాని మీద 26 శాతం ప్రీమియం, 676. ఆ రెండిటి మీద మా రాష్ట్రం అమ్మకపు పన్ను 6.625 శాతం, 217. ప్యాకింగుకు, రవాణాకు 185. మొత్తం 3,678 డాలర్లు. కార్డుతో కడితే సుత్తి ధర, ప్రీమియంల మీద 3 శాతం అదనం అన్నారు. 98 డాలర్లు మిగులుతాయి కదా అని బ్యాంకు బదిలీ చేశాను. నేను చేసిన తప్పులన్నిటిలోకీ ఖరీదైనది ఇదే. కార్డుతో కట్టి ఉంటే, వర్ణించిన వస్తువు ఇది కాదని బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కు రాబట్టుకునే దారి ఉండేది. బదిలీ చేసిన డబ్బుకు ఆ దారి లేదు. పోయింది పోయినట్టే.

పెట్టె నవంబరులో వచ్చింది. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని, దేవుడి విగ్రహాన్ని తీసినట్టు తీశాను. పదకొండేళ్ల మా అబ్బాయి ఫోను లైటు వేసి కింద నుంచి పక్కవాటుగా కొట్టాడు. “నాన్నా, దీని కడుపు మీద గీతలేమిటి?” అన్నాడు. వంగి చూశాను. రంగు కింద, ఉబ్బెత్తుగా ఉన్న భాగమంతటా, పెనం మీద దోసె తిప్పినప్పుడు గరిటె వదిలే గాట్లలాగా వలయాలు. ఎదురుగా లైటు పడితే ఏమీ కనిపించదు. పక్క నుంచి పడితేనే కనిపిస్తాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా చిన్ననాటి స్నేహితుడి దగ్గరకు తీసుకువెళ్లాను. వాడికి పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబు ఉంది, త్రీడీ ప్రింటర్లతో రోజంతా వాడి పని. కంటికి భూతద్దం తగిలించుకుని, పక్కన స్టీలు స్కేలు పెట్టి, గీతలు లెక్కపెట్టాడు. రెండు మిల్లీమీటర్ల మేర పది గీతలు. “పొర మందం 0.2 రా. ప్లాస్టిక్ తీగ కరిగించి పొర మీద పొర పోసే రకం, ఇళ్లలో పిల్లలు వాడే ప్రింటరు. పైన పుట్టీ పెట్టి రుద్దారు కానీ కడుపు దగ్గర బద్ధకించారు” అన్నాడు. ఆ పద్ధతికి అమెరికాలో పేటెంటు దరఖాస్తు పడిందే 1989లో. నా నౌక మాత్రం 1970ల నాటిదట.

బ్యాటరీ మూత విప్పితే లోపల తెల్లటి ఎల్‌ఈడీలు. ఆ రోజుల్లో తెల్ల ఎల్‌ఈడీ ఎక్కడిది? మిరుమిట్లు గొలిపే నీలం ఎల్‌ఈడీ వచ్చింది 1990ల్లో, దాని వెనకే తెల్లది వచ్చింది. పాత నమూనాల్లో గోధుమగింజంత బల్బులు ఉండేవి, ముట్టుకుంటే కాలేవి.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామందికి ఉపయోగపడుతుంది. ఆ కాలపు తయారీదారులు నౌకల ఒంటి నిండా చిన్న చిన్న యంత్రభాగాలు అతికించేవారు. అవన్నీ బజారులో దొరికే ప్లాస్టిక్ కిట్లలోవి: రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకులు, ఫిరంగులు, రేసు కార్లు. ఆ ముక్కల అంచులు కత్తిలా ఉంటాయి, అతికిన చోట సన్నటి జిగురు గీత ఉంటుంది. నా దాంట్లో ముక్కలన్నీ ఒంటి నుంచే మొలిచినట్టున్నాయి, అంచులు నాకేసిన బెల్లంముక్కలా గుండ్రబడ్డాయి. అయితే ఇదొక్కటే చూసి నకిలీ అని తీర్పు చెప్పకండి. అసలు స్టూడియోలు కూడా ఒక నమూనాకు అచ్చు తీసి, పేలుడు దృశ్యాల కోసం నాలుగైదు పోత పోసుకునేవి. అచ్చు కథలోనూ మెలికలున్నాయి. స్టార్ వార్స్ సైనికుల తెల్ల శిరస్త్రాణాలను 1976లో తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత కాలంలో కొత్తవి తయారుచేసి అమ్మారు. దాని మీద ఆ చిత్రం తీసిన లూకాస్‌ఫిల్మ్ సంస్థ కోర్టుకెక్కితే, 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ శిరస్త్రాణం శిల్పం కిందకు రాదని, కాబట్టి బ్రిటన్‌లో కాపీరైటు అడ్డు ఉండదని తేల్చింది. అంటే తయారుచేసిన చెయ్యి అసలుదే అయినా వస్తువు నిన్నటిది కావచ్చు. ‘అసలు అచ్చులోంచి తీసినది’ అని కనబడితే, ఎప్పుడు తీశారని అడగండి.

సంస్థకు ఫోటోలతో సహా రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. కడుపు భాగం ‘తర్వాతి కాలంలో బాగుచేసినప్పుడు మార్చి ఉండవచ్చు’ అట. ఎల్‌ఈడీలకూ అదే జవాబు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది, తొందరపడ్డానేమో అని.

అప్పుడు సర్టిఫికెట్‌లో అచ్చువేసిన దృశ్యాన్ని పట్టుకున్నాను. ఈ రంగంలో అసలుదని నిరూపించే పద్ధతి ఒకటుంది. తెర మీద కనిపించే గీత, పెచ్చు, రంగు తేడా వస్తువు మీద కూడా అదే చోట ఉందా అని సరిపోల్చి చూడటం. నా సర్టిఫికెట్‌లో ఎడమ రెక్క మొదట్లో ఆవగింజంత నల్లచుక్క చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, ‘సరిపోలిన గుర్తు’ అని రాశారు. చుక్క నా నమూనా మీద ఉంది. సరిగ్గా అదే చోట. బ్లూ-రే పెట్టి ఆ ఎపిసోడ్‌ను ఒక్కొక్క ఫ్రేమూ ఆపుతూ చూశాను. ఆ ఫ్రేములో చుక్క ఉంది. దాని ముందు ఫ్రేములో లేదు. తర్వాతి ఫ్రేములోనూ లేదు. నాలుగుసార్లు వెనక్కూ ముందుకూ తిప్పాను.

అది నౌక మీది చుక్క కాదు. ఫిల్ము మీద పడిన ధూళి. ఎవరో మహానుభావుడు తెర మీది బొమ్మను ఎదురుగా పెట్టుకుని, సన్న కుంచెతో, ఫిల్ము మీది దుమ్మును కూడా భక్తిగా దించేశాడు. నౌక కుడివైపు తిప్పి చూశాను. అక్కడ మసి లేదు, పెచ్చులు లేవు, చార సగంలో ఆగిపోయింది. ఆ ఎపిసోడ్‌లో నౌక కుడివైపు ఎక్కడా కనిపించదు మరి.

ఇది కూడా రాశాను. ఈసారి జవాబు వారి న్యాయవిభాగం నుంచి వచ్చింది. అమ్మకపు నిబంధనలు పధ్నాలుగు పేజీలు. వస్తువు ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడింది, వర్ణన అభిప్రాయం మాత్రమే, వివాదమేదైనా కాలిఫోర్నియాలో మధ్యవర్తి ముందు తేల్చుకోవాలి. నేను వేలంలో పాల్గొనే ముందు ‘చదివాను, అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టాను. చదవలేదు. లాయరు 350 డాలర్లు పుచ్చుకుని, మధ్యవర్తి దగ్గరకు వెళ్తే ఖర్చు పోయినదానికంటే ఎక్కువవుతుందని చెప్పారు.

పెద్ద సంస్థ అయితే ఈ బాధ ఉండదనుకోకండి. 2006 నాటి ఆ క్రిస్టీస్ వేలంలోనే ఒకాయన, స్టార్ ట్రెక్‌లో డేటా అనే మరమనిషి పాత్రధారి పేకాట దృశ్యాల్లో పెట్టుకున్న, కళ్లకు నీడపట్టే టోపీ అంచు (వైజర్) అని నమ్మి ఆరు వేల డాలర్ల పైన పెట్టి కొన్నారు. దాన్ని అభిమానుల సమావేశానికి తీసుకువెళ్లి సంతకం పెట్టమని నటుడు బ్రెంట్ స్పైనర్‌ను అడిగితే, అసలుది తాను ఎప్పుడో అమ్మేశానని ఆయన అన్నారట. కొన్నాయన కోర్టుకు వెళ్లారు. సంస్థ ఆరోపణను ఒప్పుకోలేదు.

వస్తువు అసలుదే అయినా చిక్కులుంటాయి. స్టార్ ట్రెక్ మొదటి సీరియల్ నాటి మూడడుగుల ఎంటర్‌ప్రైజ్ డెబ్భైల్లో మాయమై, 2023లో ఒక ఆన్‌లైన్ అమ్మకంలో వెయ్యి డాలర్ల ప్రారంభ ధరతో తేలింది. అది చివరికి 2024 ఏప్రిల్‌లో సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ కుమారుడి చేతికి చేరింది. ఆ రాత్రి ఎవరైనా వెయ్యి డాలర్లకు కొని ఉంటే వారికి దక్కేది నౌక కాదు, లాయర్ల ఉత్తరాలు. కాబట్టి ఇది అసలుదేనా అన్న ప్రశ్నతో ఆగవద్దు. మొదటి యజమాని నుంచి ఇతని చేతికి ఎలా వచ్చిందో కాగితం ఉందా అని కూడా అడగండి. గ్యారేజీ కాగితం కాదు.

నా నమూనా ఇప్పుడు మా అబ్బాయి గదిలో ఉంది. కుడివైపు చార వాడే పూర్తిచేశాడు, నీలం రంగుతో.

పాత కథే అయితే ఇంత రాసేవాడిని కాదు. పదిరోజుల క్రితం అదే సంస్థ కొత్త జాబితా పెట్టింది. అదే సీరియల్, అదే రకం నౌక, ఈసారి వేరొక రిటైరైన ఉద్యోగి, వేరొక గ్యారేజీ. వేలం ఈ ఆదివారం రాత్రి. ఫోటోలు అయిదు, అన్నీ ఎడమవైపువే. మీలో ఎవరికైనా అలాంటిది కంటబడితే, కుడివైపు ఫోటో ఒకటి, పక్కవాటు వెలుగులో కడుపు ఫోటో ఒకటి పంపమని రాయండి. నేను వేరే పేరుతో రాసి తొమ్మిది రోజులైంది. ఇంకా జవాబు రాలేదు.