బుకింగ్ ఫ్లోకి ఆర్కెస్ట్రేషనా, కొరియోగ్రఫీనా? ఏది మేలు?

మాదాపూర్‌లో మా ఆఫీస్ కింద చాయ్ బండి దగ్గర వారం నుంచి ఒకటే లొల్లి, కొత్త బుకింగ్ ఫ్లో ఎట్లా కట్టాలని. ఒక్క సర్వీస్ ముందు నిలబడి మిగతావాటిని వరసగా పిలుచుకుంటూ పోయే ఆర్కెస్ట్రేషనా, లేకపోతే ఎవరి పని వాళ్లు చేసేసి కాఫ్కాలో (మెసేజ్‌లు దాచి పంచే క్యూ లాంటిది) ఫలానా పని అయింది అని ఒక ఈవెంట్ పడేస్తే కావాల్సినవాళ్లు విని మిగతాది చేసుకునే కొరియోగ్రఫీనా? టీంలో పిల్లలంతా కొరియోగ్రఫీ వైపే, నేనొక్కణ్ణే ఆర్కెస్ట్రేషన్ వైపు. రెండిటితోనూ చేతులు కాల్చుకున్నా కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ఇంతకుముందు చేసిన కంపెనీలో బస్ టికెట్ల యాప్. సీటు బ్లాక్ చేయడం, డబ్బు తీసుకోవడం, బస్ ఆపరేటర్ దగ్గర టికెట్ కన్ఫర్మ్ చేయడం, ఎస్ఎంఎస్ పంపడం, ఇంతే పని. మొత్తం ఈవెంట్ల మీదే నడిచేది, బోర్డు మీద గీస్తే ముచ్చటగా ఉండేది. సంక్రాంతి రష్‌లో ఒక సాయంత్రం ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. "బాబూ, మియాపూర్‌లో బస్సెక్కాను, మెసేజ్ కూడా ఉంది నా దగ్గర, నా సీట్లో ఇంకెవరో కూర్చున్నారు, వాళ్ల దగ్గరా టికెట్ ఉందంట" అని. తీరా చూస్తే, సీటు బ్లాక్ ఆగేది 8 నిమిషాలే, డబ్బు పడిందన్న కబురు పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చింది 11వ నిమిషంలో, ఈలోపు సీటు వదిలేశారు, ఇంకొకళ్లు కొనుక్కున్నారు. టికెట్ సర్వీస్ కన్ఫర్మ్ చేయబోయి ఫెయిలై, ఆ మెసేజ్‌ని డెడ్ లెటర్ టాపిక్‌లో, అంటే ఫెయిలైన మెసేజ్‌లు పోగుపడే చోట, పడేసి ఊరుకుంది, ఆ టాపిక్ చూసే నాథుడు లేడు. ఎస్ఎంఎస్ సర్వీస్ మాత్రం పేమెంట్ ఈవెంట్ విని శుభప్రయాణం అని పంపేసింది. నాలుగు టీంల లాగ్స్ పక్కపక్కన పెట్టుకుని టైంస్టాంపులు కలుపుకుంటూ పోతే అసలు సంగతి తేలేసరికి రాత్రి రెండు దాటింది. అన్నిటికన్నా మండేది ఏంటంటే ఒక్క సర్వీస్ కూడా డౌన్ కాలేదు, డాష్‌బోర్డ్ మొత్తం పచ్చగానే ఉంది.

డౌన్ అయ్యే లెక్క కూడా ఒకసారి చూడండి. ఒక సర్వీస్ 99.9 శాతం టైం పనిచేస్తుందంటే నెలకి 43 నిమిషాలు ఉండదని. అలాంటివి ఐదు, ఒకదాని తర్వాత ఒకటి కచ్చితంగా పలికితేనే ఫ్లో పూర్తవుతుందంటే మొత్తం 99.5కి పడిపోతుంది, అంటే నెలకి దాదాపు మూడున్నర గంటలు. ఈ విషయంలో కొరియోగ్రఫీకి ఒక మార్కు వేయాల్సిందే, ఎస్ఎంఎస్ వాళ్లు పడిపోయినా ఈవెంట్ క్యూలో ఆగుతుంది, వాళ్లు లేచాక పంపుకుంటారు, బుకింగ్ ఆగదు. ఆర్కెస్ట్రేటర్‌ని మామూలు హెచ్‌టీటీపీ కాల్స్ వరసగా పేర్చి రాస్తే ఆ సౌకర్యం లేదు, పైగా నాలుగో కాల్ మధ్యలో ఆ సర్వర్ రీస్టార్ట్ అయితే మూడు పనులు అయిపోయాయన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందుకే ఆర్కెస్ట్రేషన్ అంటే నా ఉద్దేశం ఆ మామూలు రకం కాదు. పెళ్లిలో మేనమామ ఒకాయన చేతిలో నోటుబుక్కుతో తిరుగుతుంటాడు చూడండి, బ్యాండ్ వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చామా, పూలు వచ్చాయా అని ఒక్కోటి టిక్కు పెట్టుకుంటూ. ఆయన కాసేపు కునుకు తీసినా పర్లేదు, పుస్తకం చూసి ఇంకొకడు అక్కణ్ణుంచి నడిపిస్తాడు. టెంపోరల్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే. ఊబర్‌లో ఇలాంటిదే క్యాడెన్స్ అని కట్టినవాళ్లే బయటికొచ్చి 2019లో మొదలుపెట్టారు దాన్ని. ప్రతి అడుగూ హిస్టరీలో రాసి పెట్టుకుంటుంది, వర్కర్ (ఆ కోడ్ నడిపే ప్రాసెస్) చచ్చిపోతే ఇంకో వర్కర్ ఆ హిస్టరీని మళ్లీ మొదటినుంచి నడిపించి ఆగిన చోటికే వస్తుంది. అమెజాన్ క్లౌడ్ వాడేవాళ్లకి ఇలాంటిదే స్టెప్ ఫంక్షన్స్ ఉంది, 2016లో వచ్చింది, స్టాండర్డ్ రకంలో ఒక ఫ్లో ఏడాది దాకా నడవచ్చు.

అసలు ఇది కొత్త ఆలోచనేం కాదు. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, బీఈఏ కలిసి 2002లోనే బీపీఈఎల్ అని, ఫ్లోలని ఎక్స్ఎంఎల్‌లో రాసే భాష తెచ్చాయి, 2007లో దాని 2.0 స్టాండర్డ్ అయింది, చేసిన పనిని వెనక్కి తిప్పే కాంపెన్సేషన్ హ్యాండ్లర్ కూడా అందులో ఉంది. ఆ ఎక్స్ఎంఎల్ రాసిన సీనియర్ల దగ్గర కూర్చుంటే టెంపోరల్ గురించి "మేం అప్పుడే చేశాం తమ్ముడూ" అంటారు, నిజమే కానీ ఆ ఎక్స్ఎంఎల్ డీబగ్ చేయమంటే మాత్రం వాళ్లే పారిపోతారు.

టూ ఫేజ్ కమిట్ సంగతి ఏంటని ఒకడు అడిగాడు. అందరూ రెడీనా అని అడిగి, అందరూ సరే అంటేనే ఒకేసారి కమిట్ చేయించడం. మీ చేతిలో ఉన్న రెండు డేటాబేస్‌ల మధ్య ఆలోచించండి, బయటి పేమెంట్ గేట్‌వే మీకోసం లాక్ పట్టుకుని కూర్చోదు. మధ్యలో అడిగినవాడే పోతే రెడీ అన్నవాళ్లంతా లాకులతో అట్లనే ఉండిపోతారు. సీటు బ్లాక్ చేయడం, కార్డు మీద ముందు ఆథరైజ్ చేసి (డబ్బు పక్కన పెట్టించి) తర్వాత క్యాప్చర్ చేయడం (తీసుకోవడం) లాంటివి దానికి కొంచెం దగ్గరి చుట్టాలు, అవి దొరికినచోట వాడుకోండి.

మిగిలింది సాగా, 1987లో గార్సియా మోలినా, సేలం రాసిన పేపర్లోది. పెద్ద పనిని ముక్కలు చేసి, మధ్యలో చెడితే అయిపోయిన ముక్కలకి ఒక్కోదానికి తిరుగుపని చేసుకుంటూ వెనక్కి రావడం. ఆర్కెస్ట్రేషన్, కొరియోగ్రఫీ రెండూ సాగా నడిపే పద్ధతులే, కాబట్టి తిరుగుపని రాయని వాడికి ఏదైనా ఒకటే. మన యూపీఐలో చూడండి, ఖాతాలో డబ్బు కట్ అయి షాపువాడికి కన్ఫర్మేషన్ అందకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి కట్టాలి అని రిజర్వ్ బ్యాంక్ 2019లో రూల్ పెట్టింది. అంటే రీఫండ్ అనేది కోడ్‌లో ఒక కామెంట్ కాదు, గడువు ఉన్న పని. ఈ గడువు ఎవరు గుర్తుపెట్టుకోవాలి అన్న దగ్గరే కొరియోగ్రఫీ నాకు దొరికిపోతుంది. రావాల్సిన ఈవెంట్ రాలేదు అని చెప్పే ఈవెంట్ ఎవరూ పంపరు కదా! మేనమామ పుస్తకంలో అయితే టిక్కు లేని గీత కనిపిస్తుంది.

ఆర్కెస్ట్రేషన్‌లో బాధలు లేవా అంటే మస్తు ఉన్నాయి. టెంపోరల్‌లో వర్క్‌ఫ్లో కోడ్ మళ్లీ మళ్లీ నడుస్తుంది కాబట్టి అందులో నేరుగా ఇప్పుడు టైం ఎంత అని సిస్టంని అడిగినా, ర్యాండమ్ నంబర్ తీసినా రీప్లేలో తేడా కొట్టి ఆగిపోవచ్చు. ఫ్లోలు మధ్యలో ఉండగా కోడ్ మార్చి డిప్లాయ్ చేస్తే వెర్షన్లు చూసుకోవాలి, ఈ తప్పు నేను శుక్రవారం సాయంత్రం చేశా, వీకెండ్ మొత్తం హుష్‌కాకి. స్టెప్ ఫంక్షన్స్ స్టాండర్డ్‌లో ఒక స్టేట్ నుంచి ఇంకోదానికి పోయినప్పుడల్లా డబ్బు, ఒక రన్‌కి 25,000 ఈవెంట్ల హిస్టరీ దాటకూడదు. ఇంకోటి, ప్రతి టీం తన లాజిక్ తెచ్చి ఆర్కెస్ట్రేటర్‌లోనే కుక్కుతుంది, ఆర్నెల్లకి అది ఎవరూ ముట్టుకోలేని గుట్టయి కూర్చుంటుంది.

ఏది ఎంచుకున్నా తప్పనివి రెండు. టైమవుట్ అంటే ఫెయిల్ కాదు, తెలియదు అని, అవతల డబ్బు కట్ అయ్యే ఉండొచ్చు. అందుకని రీట్రై చేసినప్పుడు అదే ఐడెంపొటెన్సీ కీ (ఇది పాత రిక్వెస్టే, రెండోసారి చేయొద్దు అని అవతలివాడు గుర్తుపట్టే నంబర్) పంపాలి, ప్రతిసారీ కొత్త కీ తయారుచేసి పంపితే అది ఉన్నా లేనట్టే. రీట్రై కూడా ఒక్కచోటే పెట్టండి, ఒకదాని కింద ఒకటి మూడు లేయర్లు తలా మూడుసార్లు ప్రయత్నిస్తే అడుగున ఉన్నవాడి మీద 27 కాల్స్ పడతాయి, అసలే పడిపోయినవాణ్ణి తొక్కినట్టు. ఈవెంట్ పంపేవాళ్లయితే ఔట్‌బాక్స్ టేబుల్ పెట్టండి, అంటే ఈవెంట్‌ని కూడా అదే కమిట్‌లో డేటాబేస్‌లో రాసి అక్కణ్ణుంచి పంపడం, లేకపోతే డేటాబేస్ కమిట్ అయి కాఫ్కాకి పంపేలోపు ప్రాసెస్ పోతే ఆ ఈవెంట్ ఇక లేనట్టే.

నిన్న చాయ్ దగ్గర ఒక తమ్ముడు కరెక్ట్‌గానే పట్టుకున్నాడు, "అన్నా, ఆ పెద్దావిడ కేసు కొరియోగ్రఫీలోనూ సరిచేయొచ్చు కదా, డెడ్ లెటర్‌కి అలర్ట్ పెట్టి ఎస్ఎంఎస్ వేరే ఈవెంట్ వింటే చాలు" అని. చేయొచ్చు, ఆ కంపెనీలో మేం చేసింది అదే. కానీ బ్లాక్ టైం అయిపోయాక పేమెంట్ వస్తే రీఫండ్ ఎవరు చేయాలి అన్నదానికి మళ్లీ మూడు టీంల మీటింగ్ పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ రూల్ ఎవరి కోడ్‌లోదీ కాదు.

అందుకే ఇక్కడ బ్లాక్, పేమెంట్, కన్ఫర్మ్, చెడితే రీఫండ్, ఈ నాలుగూ ఒకే వర్క్‌ఫ్లోలో పెడుతున్నాం. టికెట్ కన్ఫర్మ్ అయ్యాక ఒక ఈవెంట్ బయటికి పోతుంది, ఆ తర్వాత ఎస్ఎంఎస్, రివార్డ్ పాయింట్లు, అకౌంట్స్ వాళ్ల రిపోర్టులు అన్నీ కొరియోగ్రఫీనే, పిల్లలు ఇష్టమొచ్చినట్టు కట్టుకోవచ్చు. పేమెంట్ ఈవెంట్ వినే హక్కు మాత్రం ఎస్ఎంఎస్ సర్వీస్‌కి ఇవ్వలేదు, కాఫ్కాలో ఆ టాపిక్ పర్మిషన్ నేనే దగ్గరుండి తీయించా.