హైల్యాండర్ వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చి నాలుగేళ్ళు: సమీక్ష

బండి టొయోటా హైల్యాండర్, అమెరికాలో 2008 నుంచి 2013 దాకా అమ్మిన రెండో తరం మోడల్. వేసినవి సిరామిక్ ప్యాడ్లు, వాటితోపాటు కొత్త స్టీలు క్లిప్పులు. తిరిగింది నాలుగేళ్ళలో సుమారు 42 వేల మైళ్ళు. కొత్తలో కొలిస్తే ప్యాడ్ మందం 9.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు లోపలి ప్యాడ్ 5, బయటిది 5.5. అరిగినదానికన్నా ఆ రెండింటి మధ్య తేడా అర మిల్లీమీటరే ఉండడం నాకు ఎక్కువ సంతోషం. అంతకుముందు షాపులో వేయించిన సెట్టు తీసినప్పుడు లోపలిది వెనక ఉన్న ఇనుప రేకు దాకా వచ్చేసింది, బయటిది సగం కూడా అరగలేదు. డిస్కు అదే, ప్యాడ్లని దానికి అదిమే క్యాలిపర్ అదే. తేడా అంతా క్యాలిపర్ జారే పిన్నుల దగ్గరే ఉంది.

వెనక క్యాలిపర్‌కి పిస్టన్ ఒకటే, అది లోపలి వైపు ఉంటుంది. పెడల్ నొక్కగానే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కుకి అదుముతుంది. ఆ తోపుకి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జారి బయటి ప్యాడ్‌ని అటునుంచి లాగుతుంది. పిన్ను బిగుసుకుపోతే ఆ జారుడు ఆగిపోతుంది, భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. బయటినుంచి చక్రం సందులోంచి చూస్తే కనిపించేది బయటి ప్యాడే కాబట్టి 'ఇంకా చాలా ఉంది' అనిపిస్తుంది. లోపల మాత్రం ఇనుము డిస్కుని గీస్తూ ఉంటుంది. వెనక బ్రేకులు చూసేటప్పుడు చక్రం విప్పి లోపలి ప్యాడ్‌ని చూడందే చూసినట్టు కాదు.

వెనక ప్యాడ్లు ముందువాటికన్నా త్వరగా అయిపోయాయని కంగారు పడే వాళ్ళకి ఒక మాట. ఈ బండ్లలో ఈబీడీ ఉంది, అంటే ముందు వెనక చక్రాలకి బ్రేకు బలాన్ని పంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. బ్రేకు వేసినప్పుడు ముక్కు మరీ కిందికి వంగకుండా వెనక చక్రాలకి కూడా గట్టిగా పని ఇస్తుంది. వెనక ప్యాడ్లు పైగా చిన్నవి. అవి ముందే అరగడంలో వింతేమీ లేదు.

పనికి ముందు తేల్చుకోవలసింది మీ బండి హ్యాండ్ బ్రేకు ఎలాంటిదో. ఈ హైల్యాండర్‌లో అది కాలితో నొక్కేది. దాని షూలు డిస్కు మధ్య గిన్నెలో విడిగా చిన్న డ్రమ్ముగా ఉంటాయి. అందుకే పిస్టన్‌ని సీ-క్లాంపుతో (సీ ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు) నేరుగా లోపలికి నెట్టేయవచ్చు. హ్యాండ్ బ్రేకు కేబుల్ క్యాలిపర్‌కే తగిలించిన బండ్లలో ఆ పని చేస్తే లోపలి మర పాడవుతుంది. వాటిలో పిస్టన్‌ని తిప్పుతూ నెట్టాలి, దానికి వేరే పనిముట్టు కావాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్నవి, అంటే 2020 నుంచి వచ్చిన హైల్యాండర్, ఇండియాలో జీప్ కంపాస్ లాంటివి, ముందు సర్వీస్ మోడ్‌లోకి వెళ్ళాలి. మోటారుని వెనక్కి తీయకుండా క్లాంపు వేస్తే క్యాలిపర్ కొత్తది కొనాల్సి వస్తుంది. మన ఊళ్ళలో తిరిగే ఇన్నోవా క్రిస్టా, బొలెరో వెనక ఉన్నవి డ్రమ్ములు. వాటికి ఈ రాతతో పనిలేదు.

సామాన్లు: చక్రం నట్లకి 21 మిల్లీమీటర్ల సాకెట్, క్యాలిపర్ బోల్టులకి 14, డిస్కు కూడా తీయాలంటే క్యాలిపర్‌ని మోసే బ్రాకెట్ బోల్టులకి 17. జాకీ, రెండు జాక్ స్టాండులు, చక్రాలకి అడ్డు చెక్కలు, సీ-క్లాంపు, వైర్ బ్రష్, చిన్న ఆకురాయి, బ్రేక్ క్లీనర్ డబ్బా ఒకటి, సిలికోన్ బ్రేక్ గ్రీజు, క్యాలిపర్‌ని వేలాడదీయడానికి తీగ, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్. ప్యాడ్లు, క్లిప్పులు, గ్రీజు కలిపి 70 డాలర్లలోపే అయ్యింది. మొదటిసారి రెండు చక్రాలకీ మూడు గంటలు పెట్టుకోండి.

నట్లని చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసుకోవాలి. అడ్డు చెక్కలు ముందు చక్రాలకి పెట్టాలి. కాలితో నొక్కే ఆ హ్యాండ్ బ్రేకు వేసి ధైర్యంగా ఉండడం కుదరదు, అది పట్టేది మనం గాల్లోకి లేపబోయే వెనక చక్రాలనే. మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టి, స్టాండుల మీద దించి, బండిని ఒకసారి చేత్తో ఊపి చూశాకే కిందికి చెయ్యి పోనివ్వండి. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోవద్దు. ఏ క్లిప్పు ఎటు ఉందో సందేహం వస్తే చూసుకోవడానికి విప్పనిది ఒకటి ఉంటుంది. ప్యాడ్ సన్నబడితే కీచుమనే రేకు కూడా పాతది ఏ ప్యాడ్‌కి, ఏ వైపు ఉందో కొత్తదీ అక్కడే రావాలి.

14 బోల్టు విప్పేటప్పుడు దాని వెనక పిన్ను కూడా తిరుగుతుంది. సన్న స్పానర్‌తో పిన్నుని పట్టుకుంటే రబ్బరు తొడుగు మెలిక పడి చిరగదు. క్యాలిపర్ ఊడాక గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగుకి కట్టేయండి.

చాలామంది ఇక్కడ కొత్త ప్యాడ్లు పెట్టి మూసేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

రెండు పిన్నుల్నీ బయటికి లాగండి. ఒకదాని కొసన చిన్న రబ్బరు బుష్ ఉంటుంది, రెండోది నున్నగా ఉంటుంది. ఏది పైన, ఏది కింద ఉందో గుర్తు పెట్టుకోండి, తారుమారు చేయకూడదు. వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి, తోస్తే లోపలికి మెత్తగా జారాలి. పాత గ్రీజు ఎండి జీడిపాకంలా పట్టుకుని ఉంటే మొత్తం తుడిచి, పిన్ను దూరే రంధ్రాన్ని కూడా క్లీనర్‌తో కడిగి ఆరనివ్వాలి. తుప్పు గుంటలు పడిన పిన్ను పారేయండి, కొత్త జత ఖరీదు పెద్దదేమీ కాదు. గ్రీజు సిలికోన్‌దే అయి ఉండాలి. బేరింగులకి వాడే మామూలు గ్రీజు పెట్రోలియం నుంచి వచ్చేది. అది తగిలితే ఆ బుష్ ఉబ్బుతుంది. మొదటి వారం బాగానే జారి, నెలల్లో బిర్రుగా పట్టేస్తుంది. పైన చెప్పిన పాత సెట్టులో దొరికింది సరిగ్గా అదే: లావెక్కిన బుష్, కదలని పిన్ను, రేకు దాకా వచ్చిన లోపలి ప్యాడ్. గ్రీజు పలచగా పూయండి. రంధ్రం నిండా కూరితే గాలి పోయే దారిలేక పిన్ను వెనక్కి తన్నుకొస్తుంది.

తర్వాత బ్రాకెట్. ప్యాడ్ చెవులు కూర్చునే చోట పాత క్లిప్పులు పీకేస్తే కింద తుప్పు పొర కనిపిస్తుంది. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల ఇది రేకులు రేకులుగా లేస్తుంది. టెక్సాస్‌లో అంత ఉండదు. ఆ తుప్పు క్లిప్పుని పైకి ఎత్తుతుంది, ప్యాడ్ చెవులు ఇరుక్కుంటాయి, పెడల్ వదిలినా ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. వైర్ బ్రష్‌తోనూ ఆకురాయితోనూ మెరిసే ఇనుము దాకా గీకి కొత్త క్లిప్పులు వేయాలి. ఇనుముని మాత్రం అరగదీయవద్దు. ప్యాడ్‌ని చేత్తో నెడితే జారాలి. సుత్తి కావాల్సి వస్తే ఇంకా తుప్పు ఉందన్నమాట. ఆ స్థితిలో బిగించిన కొత్త ప్యాడ్లు ఎంత ఖరీదైనవైనా నిలవవు.

పిస్టన్ నెట్టే ముందు బానెట్ తీసి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూడండి. మధ్యలో ఎవరైనా నిండా పోసి ఉంటే పిస్టన్ వెనక్కి వెళ్ళేసరికి పొంగి రంగు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. సిరంజితో కొంచెం తీసేయండి. పాత ప్యాడ్‌ని పిస్టన్‌కి అడ్డం పెట్టి సీ-క్లాంపుని నెమ్మదిగా తిప్పాలి. పిస్టన్ చుట్టూ రబ్బరు చిరిగినా, తడి కనిపించినా ప్యాడ్ల పని ఆపి క్యాలిపర్ సంగతి చూడాలి. ఫ్లూయిడ్ నల్లబడితే ఇదే అదనుగా మార్చేయండి. ఈ బండికి డాట్ 3 రకం ఫ్లూయిడ్. కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చాక ఆ హద్దు 140కి దిగుతుంది.

డిస్కు అంచున కనీస మందం పోత పోసి ఉంటుంది, మైక్రోమీటర్‌తో కొలిచి దానికి పైన ఉంటే వాడుకోవచ్చు. తీయాలంటే హ్యాండ్ బ్రేకు వదిలి ఉండాలి. ఊడి రాకపోతే సుత్తితో బాదక్కర్లేదు. దాని ముఖం మీద ఉన్న రెండు మర రంధ్రాల్లో ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు ఎక్కించి మార్చి మార్చి బిగిస్తే అదే బయటికొస్తుంది.

బిగింపు విషయానికొస్తే, చక్రం నట్లు 76 అడుగు-పౌండ్లు, అంటే 103 న్యూటన్ మీటర్లు, నక్షత్రం వరసలో. క్యాలిపర్ 14 బోల్టులు చాలా చిన్నవి, వాటికి నట్ల మీద పెట్టే బలం పెడితే తెగుతాయి. సర్వీస్ మాన్యువల్‌లో మీ సంవత్సరానికి ఉన్న అంకె చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

బండి కదిలే ముందు పెడల్‌ని గట్టిపడేదాకా నొక్కాలి. ఈ ఒక్కటి మరిచిపోతే మొదటి నొక్కుడు నేల దాకా పోతుంది, బండి ఆగదు. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 30 మైళ్ళ నుంచి 5 దాకా నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్య మధ్య అర నిమిషం చల్లారనిస్తూ, పాతిక ముప్ఫై సార్లు చేయండి. వేడి మీద పెడల్ తొక్కి పట్టుకుని నిలబడకండి, ఆ చోట ప్యాడ్ పదార్థం అతుక్కుని తర్వాత స్టీరింగ్‌లోనో పెడల్‌లోనో అదురు మొదలవుతుంది.

సిరామిక్ గురించి నాలుగేళ్ళ అభిప్రాయం: చక్రాల మీద దుమ్ము చాలా తక్కువ, కీచుమనడం లేదు. గడ్డకట్టే చలిలో పొద్దున్నే మొదటి రెండు మూడు సార్లు పట్టు కొంచెం ఆలస్యంగా వస్తుంది, అలవాటు పడాలి. బరువైన ట్రైలర్ లాగేవాళ్ళు, ఘాట్ రోడ్లలో తిరిగేవాళ్ళు లోహం ఎక్కువగా కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు తీసుకోవడం మేలు. ప్యాడ్ అంచున ముద్రించిన రెండు అక్షరాలు చూసి కొనండి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది బాగా కాగినప్పటిది. 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'ఈ' అంటే 0.25 నుంచి 0.35. ఇంత బరువున్న బండికి రెండూ ఎఫ్‌కి తగ్గకూడదని నా పట్టుదల. పెట్టె మీద మూడు ఆకుల గుర్తు ఉంటే రాగి 0.5 శాతం కన్నా తక్కువ అని. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లో చేసిన చట్టాల వల్ల వచ్చిన గుర్తు అది. ప్యాడ్ల నుంచి రాలిన రాగి వాన నీటితో కాలువల్లో కలిసి చేపలకి హాని చేస్తోందనే ఆ చట్టాలు. దుమ్ముని గాలి కొట్టి ఎగరగొట్టకుండా క్లీనర్‌తో తడిపి తుడవండి.

ఈ నాలుగేళ్ళలో ఏడాదికొకసారి టైర్లు మార్చేటప్పుడు పిన్నులు లాగి గ్రీజు పూయడం తప్ప వేరే పని పడలేదు. టొయోటా చెప్పే హద్దు 1 మిల్లీమీటర్, నేను 3 దగ్గరే మార్చేస్తాను. చక్రం విప్పిన ప్రతిసారీ 50 మైళ్ళు తిరిగాక నట్లకి టార్క్ రెంచ్ ఇంకోసారి పెట్టి చూడండి.